చరిత్రలో ఈ రోజు: మన రెండు జిల్లాల తేదీలు కావాలి

బొబ్బిలి_సోషల్
మా హైస్కూల్లో ప్రార్థన అయ్యాక "చరిత్రలో ఈ రోజు" అని ఒక విద్యార్థి నాలుగు వాక్యాలు చదవాలి. సోషల్ చెప్పేది నేనే కాబట్టి ఆ కాగితం నేనే రాసిస్తాను. నిన్న జూలై 4. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన 1776, వివేకానందుడి నిర్యాణం 1902, మేరీ క్యూరీ మరణం 1934 అని చదివించాను. వాట్సాప్‌లో వచ్చిన జాబితా చూసి రాసేశాను. ప్రార్థన అయ్యాక ఏడో తరగతి కుర్రాడు వచ్చి "సార్, అల్లూరి సీతారామరాజు పుట్టినరోజు కూడా ఇవాళే కదండీ" అన్నాడు. 1897 జూలై 4, పాండ్రంగి. మా ఊరి నుంచి బస్సెక్కితే రెండు మూడు గంటల దారి. రాత్రంతా అదే బాధ.

ఆ జాబితాల్లో మన శ్రీకాకుళం, విజయనగరం ఎక్కడా కనబడవు. అందుకే అడుగుతున్నాను. మన రెండు జిల్లాల్లో ఖాయంగా తేదీ తెలిసిన సంఘటనలు చెప్పండి. అదే తేదీన దేశంలోనో, ప్రపంచంలోనో ఇంకేం జరిగిందో కూడా చెప్పండి. రెండూ పక్కపక్కన పెడితే పిల్లలకు గుర్తుంటాయని నా ఆశ.

నా వంతుగా ఒకటి. జనవరి 24. 1757లో ఆ రోజు బొబ్బిలి యుద్ధం. 1950లో అదే తేదీన రాజ్యాంగ సభ చివరిసారి కూర్చుంది. జనగణమనను జాతీయగీతంగా ప్రకటించారు, రాజేంద్రప్రసాద్‌ని రాష్ట్రపతిగా ఎన్నుకున్నారు, సభ్యులంతా రాజ్యాంగం మీద సంతకాలు పెట్టారు. 1966లో అదే తేదీన ఇందిరాగాంధీ ప్రధానిగా ప్రమాణం చేశారు. ఆ రోజే హోమీ భాభా ఎక్కిన విమానం ఆల్ప్స్‌లో మోంట్ బ్లాంక్ పర్వతానికి గుద్దుకుంది.

ఏడురోడ్లు
బాగుంది గానీ మేస్టారూ, ఒకే తేదీన రెండు జరిగితే ఏటి? బొబ్బిలి కోటకీ జనగణమనకీ సంబంధం ఏముంది? పిల్లలు ఏదో సంబంధం ఉందనుకుంటారు. అది మంచిది కాదు.

మూడు_లాంతర్లు
ఏడురోడ్లు గారూ, సంబంధం ఉందని ఆయన అనలేదు కదా. గుర్తుపెట్టుకోవడానికి అన్నారు.

నాది వేరే మాట. బొబ్బిలి యుద్ధం అంటే ఎప్పుడూ కోట లోపలి కథే చెప్తారు. చెప్పాలి, ఆ కోటలో ఆడవాళ్ళకీ పిల్లలకీ జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కానీ అక్కడితో ఆగకండి. బుస్సీ ఫ్రెంచి సైన్యంతో కలిసి వెళ్ళిన మా విజయనగరం రాజు విజయరామరాజు గెలిచి కూడా ఇంటికి రాలేదు. కొన్ని రాత్రుల తరువాత తాండ్ర పాపారాయుడు డేరాలోకి దూరి పొడిచేశాడు. ఆ వార్త విని ఆయన చెల్లెలు పైడితల్లి ప్రాణం విడిచిందని, తరువాత పెద్దచెరువులో అమ్మవారై దొరికిందని మా నమ్మకం. మాకు ఆ యుద్ధం గుర్తొచ్చేది జనవరి 24న కాదు, పైడితల్లమ్మ సిరిమాను పండుగ రోజున. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం. ఇంగ్లీషు తేదీ ఏటేటా మారిపోతుంది.

బొబ్బిలి_సోషల్
లాంతర్లు గారూ, ఒప్పుకుంటున్నాను. రెండు వైపులా చెప్పాలి. జనవరి 24 కాగితంలో రెండు ఊళ్ళ పేర్లూ రాస్తాను.

లెక్కల_అక్క
ఏడురోడ్లు గారి అనుమానానికి లెక్కలో సమాధానం ఉంది. ఒక గదిలో 23 మంది ఉంటే, వాళ్ళలో కనీసం ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి కొంచెం పైనే. 40 మంది ఉంటే దాదాపు 89 శాతం. నమ్మబుద్ధి కాదు గానీ నిజం. 23 మందిలో ఇద్దరిద్దరి చొప్పున జతలు కడితే 253 జతలు వస్తాయి, అందుకే. చరిత్రలో వేల సంఘటనలు ఉన్నాయి, ఏడాదికి ఉన్నవి 365 రోజులు. ప్రతి తేదీ మీదా పది పదిహేను పడక తప్పదు. ఈ మాట కూడా పిల్లలకు చెప్తే, సంబంధం ఉందని పొరపడరు.

రాజాం_సీను
అక్కా, మా క్లాసులో 41 మందిమి. అందులో 19 మందికి పుట్టినరోజు జూన్ 1. మీ లెక్క ఇక్కడ పని చేయదు.

లెక్కల_అక్క
సీనూ, అవి దేవుడిచ్చిన పుట్టినరోజులు కావు, బడిలో వేసినప్పుడు మేస్టారు రాసినవి. ఎప్పుడు పుట్టాడమ్మా అంటే "గాలివాన వచ్చిన ఏడు, కోతలప్పుడు" అని చెప్పేవారు. రిజిస్టరుకి తేదీ కావాలి. రాసేవారు.

తపాలా_తాత
మా ఇంట్లో నేనూ మా తమ్ముడూ ఇద్దరం జూలై 1. మా మధ్య రెండేళ్ళ తేడా. నాకు అరవై నిండి రిటైరైన రోజున మా అమ్మ అడిగింది: "నువ్వు పుట్టింది వానల్లో కాదురా, సంక్రాంతి వెళ్ళాక. అప్పుడే ఎలా దింపేశారు నిన్ను?" ఏం చెప్పను? ఆరేడు నెలల ఉద్యోగం ఆ రిజిస్టరులోనే పోయింది.

సీనుకి ఒక మాట. విజయనగరం జిల్లా పుట్టింది కూడా జూన్ 1నే, 1979లో. మీ 19 మందీ జిల్లాతో పాటు కేకు కొయ్యొచ్చు.

రాజాం_సీను
తాతగారూ, కేకు పెద్దది కావాలి అయితే 🙂

తపాలా_తాత
శ్రీకాకుళం జిల్లా ఆగస్టు 15. 1950లో విశాఖపట్నం జిల్లా నుంచి విడదీశారు. అదే రోజు సాయంత్రం అస్సాం, టిబెట్ సరిహద్దులో 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. మన దేశం చూసిన అతిపెద్ద భూకంపాల్లో అది ఒకటి. 1972లో అదే ఆగస్టు 15న పిన్‌కోడ్ మొదలైంది. తపాలా మనిషిని, అది చెప్పకుండా ఉండలేను. అంతకుముందు ఒకే పేరున్న ఊళ్ళు ఉంటే ఉత్తరం ఎటు పోయేదో. 532001 శ్రీకాకుళం, 535001 విజయనగరం. మొదటి మూడంకెలు చూస్తే చాలు, ఏ సంచిలో వెయ్యాలో చెయ్యికి తెలిసిపోయేది.

పర్లాకిమిడి_మనవరాలు
గిడుగు రామమూర్తి గారిని ఇంకా ఎవరూ ఎత్తలేదేమిటి? శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, 1863 ఆగస్టు 29. తెలుగు భాషా దినోత్సవం అందుకే ఆ రోజు. ధ్యాన్‌చంద్ పుట్టింది కూడా ఆగస్టు 29నే, 1905లో. అది జాతీయ క్రీడా దినోత్సవం. బళ్ళలో ఆ రోజు ఉదయం పద్యాలు, మధ్యాహ్నం పరుగు పందేలు. రెండూ సగం సగం అవుతాయి.

ఇంకోటి చెప్పాలి. నాకు ఇది సొంత విషయం. ఏప్రిల్ 1. అందరికీ నవ్వుల రోజు. మా అమ్మమ్మకి కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది, పర్లాకిమిడి అటు వెళ్ళిపోయింది. గిడుగు గారు ఏళ్ళ తరబడి అక్కడే బడిపంతులుగా ఉన్నారు, సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు. పర్లాకిమిడిని ఒడిశాలో కలపడాన్ని గట్టిగా వ్యతిరేకించారు. కలిపేశాక ఆ ఏడాదే ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి డెబ్బై దాటాయి. మా అమ్మమ్మ వాళ్ళ ఇల్లు అక్కడే ఉండిపోయింది, మేము ఇటు పాతపట్నం వచ్చేశాం. ఇప్పటికీ పెళ్ళికీ, పేరంటానికీ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాం. సరిహద్దు దాటుతున్నట్టు బోర్డు చూస్తేనే తెలుస్తుంది.

అదే ఏప్రిల్ 1న, 1935లో రిజర్వు బ్యాంకు మొదలైంది. 1957లో అదే తేదీన నయా పైసలు వచ్చాయి.

ఏడురోడ్లు
మనవరాలు గారూ, ఏప్రిల్ 1 గురించి ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. ఇది పిల్లలకు చెప్పాలి.

జిమ్_ఆమదాలవలస
ఆగస్టు 29 సగం సగం అన్నారు కదా అక్కా. మా ఊరి దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆగస్టు 29న పరుగు పందేల ముందు ఆమె గురించి తెలుగులో ఒక పేజీ రాయిస్తే భాషా దినోత్సవం, క్రీడా దినోత్సవం రెండూ కలిసిపోతాయి.

పర్లాకిమిడి_మనవరాలు
తమ్ముడూ, ఈ ఆలోచన నేను మా బడిలో చెప్తాను. చాలా బాగుంది.

ఉద్దానం_తోట
పుట్టినరోజులు, దినోత్సవాలు సరే. మాకు తేదీ అంటే అక్టోబరు 12.

2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్. గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట మొత్తం వణికిపోయాయి. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, విశాఖ మీద హుద్‌హుద్. ఇంకో నాలుగేళ్ళకి 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ. అది నేరుగా మా మీదికే, పలాస, వజ్రపుకొత్తూరు వైపు. నాన్న నాటిన కొబ్బరి, తాత నాటిన జీడి, రెండూ ఒక్క రాత్రిలో నేల మీద. పొద్దున తలుపు తీస్తే ఎప్పుడూ కనబడని పక్క ఊరి గుడి గోపురం కనబడింది. మధ్యలో చెట్లే లేవు. అమ్మ గడప మీద కూర్చుండిపోయింది.

లెక్కల అక్క అంటున్నది అర్థమైంది, ఏదో ఒకటి ఏదో ఒక తేదీన పడుతుందని. కానీ మూడు తుఫాన్లు రెండు రోజుల లోపల పడటం కూడా ఉత్త కలిసిరావడమేనా?

లెక్కల_అక్క
తమ్ముడూ, ఇది వేరే. పుట్టినరోజులు ఏడాది పొడవునా సమానంగా పడతాయని అనుకుని చేసిన లెక్క అది. తుఫాన్లు అలా పడవు. నైరుతి రుతుపవనాలు వెనక్కి మళ్ళే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే బంగాళాఖాతంలో పెద్ద తుఫాన్లు ఎక్కువ. సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది, పై గాలులు మారుతుంటాయి. అందులోనూ అక్టోబరులో వచ్చేవి ఎక్కువగా ఉత్తరాంధ్ర, ఒడిశా వైపు వస్తాయి, నవంబరు వచ్చేసరికి కిందికి జరుగుతాయి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. ఒడిశా సూపర్ సైక్లోన్ 1999 అక్టోబరు 29. కాబట్టి 12వ తేదీనే రెండుసార్లు రావడం యాదృచ్ఛికం. అక్టోబరులో మన వైపు రావడం యాదృచ్ఛికం కాదు.

నీ తోట గురించి చదివి కళ్ళు చెమర్చాయి. మళ్ళీ వేశారా?

ఉద్దానం_తోట
వేశాం అక్కా. కొబ్బరి కాపుకొచ్చింది. జీడికి ఇంకా మునుపటి నీడ రాలేదు.

గంటస్తంభం_వాణి
మా పాప పుట్టింది హుద్‌హుద్ రోజునే. ఒక ఆసుపత్రిలో కరెంటు పోయి, జనరేటరు కూడా ఆగిపోయి, నర్సమ్మ సెల్‌ఫోను లైటు పట్టుకుంది. ఆవిడకి ఇప్పటికీ ప్రతి పుట్టినరోజుకీ స్వీట్లు పంపిస్తాం. పాపకి నిజం తేదీ ఉంది, బడి తేదీ కాదు 🙂

తగరపువలస_ప్యాసింజర్
లెక్కల అక్క అక్టోబరు 29 అన్నారు. ఆ తేదీ చూడగానే నాకు తుఫాను కాదు గుర్తొచ్చేది. 2023 అక్టోబరు 29, కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజరు, రాయగడ ప్యాసింజరు గుద్దుకున్న రాత్రి. రోజూ ఆ బండిలో వెళ్ళేవాణ్ణి, ఆ రోజు ఆదివారం కాబట్టి వెళ్ళలేదు. మాతో పేకాడే ఒకాయన రాలేదు ఇంక. ఇది ప్రార్థనలో చదివించమని అనను. ఇక్కడ రాసుకున్నాను, అంతే.

బొబ్బిలి_సోషల్
బాబూ, రాయడం మంచిదైంది. ఆ తేదీన పేరు చెప్పకుండా ఒక నిమిషం మౌనం పెట్టిస్తాను.

కాలేజీ_చరిత్ర
మాస్టారికి ఒక జాగ్రత్త. పాత తేదీలు పక్కపక్కన పెట్టే ముందు అవి ఏ క్యాలెండరువో చూడాలి. రష్యాలో "అక్టోబరు విప్లవం" పండుగ నవంబరు 7న చేసేవారు. ఎందుకంటే అప్పటి రష్యా పాత క్యాలెండరు ప్రకారం అది అక్టోబరు 25. బ్రిటన్ కూడా 1752 దాకా పాతదే వాడింది. ఆ ఏడాది సెప్టెంబరు 2 తరువాత రోజుని సెప్టెంబరు 14 అన్నారు. మధ్యలో పదకొండు తేదీలు లేనే లేవు.

బొబ్బిలి యుద్ధం 1757లో జరిగింది. అంటే బ్రిటన్ మారిన అయిదేళ్ళకు. అందువల్ల ఫ్రెంచివాళ్ళు రాసుకున్నా, ఇంగ్లీషువాళ్ళు రాసుకున్నా జనవరి 24 ఒకటే. అదే ఓ పదేళ్ళ ముందు జరిగి ఉంటే ఒకే యుద్ధానికి రెండు తేదీలు ఉండేవి. అదే ఏడాది జూన్ 23న బెంగాల్లో ప్లాసీ యుద్ధం. బొబ్బిలికీ దానికీ మధ్య సరిగ్గా 150 రోజులు. తేదీ కలవకపోయినా నేనైతే ఆ రెండింటినే పక్కపక్కన పెడతాను. ఇక్కడ ఫ్రెంచివాళ్ళు గెలిచిన ఏడాదే అక్కడ ఇంగ్లీషువాళ్ళు గెలిచారు.

మూడు_లాంతర్లు
అయితే పంచాంగం సంగతి? మా విజయనగరం కోట 1713లో విజయనామ సంవత్సరంలో, విజయదశమి నాడు, మంగళవారం పునాది వేశారంటారు. విజయనామ సంవత్సరం 60 ఏళ్ళకోసారి వస్తుంది. 2013లో కూడా విజయనామమే. మా లెక్కలో ఆ రెండూ ఒకే పేరున్న ఏళ్ళు. మీ లెక్కలో కావు.

కాలేజీ_చరిత్ర
మీ లెక్క కూడా లెక్కే. బెంగాల్లో టాగోర్ పుట్టినరోజు చూడండి. ఇంగ్లీషు తేదీ 1861 మే 7. అక్కడ వాళ్ళు చేసేది వైశాఖం 25వ రోజున, అది మే 8కో 9కో వస్తుంది. మన అల్లూరిని కాల్చి చంపింది 1924 మే 7న. మన దగ్గర ఆ రెండూ ఒకే రోజు, బెంగాల్లో కాదు.

అరసవల్లి_కిరణం
మా అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడికి రెండు లెక్కలూ ఉన్నాయి. రథసప్తమి తిథి ప్రకారం, ఏటా తేదీ మారుతుంది. కానీ స్వామి పాదాల మీద ఎండ పడేది మార్చి 9, 10 తేదీల్లో, మళ్ళీ అక్టోబరు 1, 2 తేదీల్లో. మబ్బు లేకపోతే ఏటా అవే తేదీలు. చిన్నప్పుడు మా నాన్న భుజం మీద కూర్చుని చూశాను. ఎందుకు అవే తేదీలో ఎవరైనా చెప్తారా?

లెక్కల_అక్క
ఇంగ్లీషు క్యాలెండరు సూర్యుడి లెక్క కాబట్టి. మార్చి 21కి పది పన్నెండు రోజుల ముందు సూర్యుడు తూర్పున ఏ చోట ఉదయిస్తాడో, సెప్టెంబరు 23 తరువాత ఎనిమిది తొమ్మిది రోజులకి ఇంచుమించు అదే చోటికి తిరిగి వస్తాడు. గుడి గుమ్మం ఆ చోటుకి ఎదురుగా ఉంది. అక్టోబరు 2 అంటే గాంధీ గారు, లాల్ బహదూర్ శాస్త్రి గారు ఇద్దరి పుట్టినరోజు కూడా. ఆ రోజు పిల్లల్ని అరసవల్లి తీసుకెళ్తే పాఠం అక్కడే చెప్పొచ్చు.

వీణ_విజయనగరం
డిసెంబరు 4 రాసుకోండి. ఘంటసాల గారి పుట్టినరోజు, 1922. మా సంగీత కళాశాలలో చదివారు, మాధుకరం చేసుకుని, అంటే ఇంటింటికీ వెళ్ళి అన్నం అడుక్కుని తింటూ. నౌకాదళ దినోత్సవం కూడా అదే తేదీ. 1971లో ఆ రాత్రి కరాచీ రేవు మీద మన క్షిపణి పడవలు దాడి చేశాయి. ఆ రోజు మా వాళ్ళంతా విశాఖ బీచికి ఓడల విన్యాసాలు చూడ్డానికి వెళ్ళేవారు. నేను ఇంట్లో ఉండి పాటలు పెట్టుకుంటాను.

ఇంకా నవంబరు 30. గురజాడ గారు 1915లో ఆ రోజు పోయారు. జగదీశ్ చంద్రబోస్ పుట్టింది ఆ తేదీనే, 1858లో.

ఏడురోడ్లు
మేస్టారూ, మొదట్లో కాదన్నాను గానీ నేనూ ఒకటి ఇస్తాను. ఇంకా టైముంది కాబట్టి ఇది వాడండి. జూలై 10.

1794 జూలై 10, పద్మనాభం యుద్ధం. పద్మనాభం ఇప్పుడు విశాఖ జిల్లా, మీరు చెప్పిన పాండ్రంగి కూడా ఆ మండలమే. కానీ పోరాడింది విజయనగరం సంస్థానం. పేష్కషు (కంపెనీకి కట్టాల్సిన కప్పం) బకాయి కట్టలేదని కంపెనీ వాళ్ళు చిన విజయరామరాజుని సంస్థానం వదిలి మచిలీపట్నం పొమ్మన్నారు. ఆయన వెళ్ళలేదు. పద్మనాభంలో ఆగిపోయాడు. తెల్లారేసరికి కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సైన్యం మీద పడింది. రాజూ, వెంట ఉన్న చాలామందీ అక్కడే చనిపోయారు. అదే జూలై 10న, 12 ఏళ్ళ తరువాత 1806లో, వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. కొత్త తలపాగా పెట్టుకోమన్నారని, బొట్టూ గడ్డమూ తియ్యమన్నారని. ఆ రోజే అణిచేశారు. రెండూ కంపెనీ మీదే, రెండూ మద్రాసు ప్రభుత్వం కిందే, రెండూ 1857కి చాలా ముందు. ఇక్కడ తేదీ ఒకటి కావడం యాదృచ్ఛికమే, కానీ కథ ఒకటే.

మూడు_లాంతర్లు
ఏడురోడ్లు గారూ, శ్రీకాకుళం మనిషి మా రాజు గురించి ఇంత బాగా చెప్పారు. విజయనగరం వస్తే మా ఇంటికి భోజనానికి రండి.

బొబ్బిలి_సోషల్
ఇవాళ జూలై 10. పొద్దున చదివించాను. చదివింది తొమ్మిదో తరగతి పాప. పద్మనాభం, వేలూరు, రెండూ. బోర్డు మీద 1794, 1806, 1857 అని మూడు అంకెలు రాశాం. సునీల్ గవాస్కర్ పుట్టింది కూడా ఇదే రోజని (1949) చివర్లో చేర్చాను, లేకపోతే వెనక వరుస మగపిల్లలు వినరు.

క్లాసులో ఆ ఏడో తరగతి కుర్రాడే మళ్ళీ లేచాడు. "సార్, వేలూరులో తిరగబడ్డ సిపాయిల్లో మన తెలుగువాళ్ళు ఉన్నారా?" మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు చాలామంది ఉండేవారని చెప్పాను. "మరి పద్మనాభంలో రాజు మీదికి వచ్చిన సైన్యంలో?" అన్నాడు. అదీ కంపెనీ సిపాయిల సైన్యమే నాన్నా అన్నాను. వాడు కూర్చోలేదు. "అయితే మనవాళ్ళే మనవాళ్ళ మీదికి వచ్చారా సార్?" అని అలాగే నిలబడ్డాడు. బెల్లు కొట్టేశారు.

కాలేజీ_చరిత్ర
ఆ కుర్రాణ్ణి ఒక ఆదివారం పద్మనాభం తీసుకెళ్ళండి మాస్టారూ. నేనూ వస్తాను.

బొబ్బిలి_సోషల్
వచ్చే ఆదివారమే వెళ్దాం. దారిలో పాండ్రంగి కూడా. ఎవరెవరు వస్తారు?

రాజాం_సీను
నేను. మా కారు ఉంది, నలుగురు పడతారు.

మూడు_లాంతర్లు
నేనూ. భోజనాలు మా ఇంటి నుంచి.

తపాలా_తాత
మోకాళ్ళు ఒప్పుకుంటే నేనూ. మాస్టారూ, రేపటి కాగితం రాశారా? జూలై 11, ప్రపంచ జనాభా దినం. 1987లో ఆ రోజుకి 500 కోట్లమంది అయ్యామని లెక్క కట్టారు. మన జిల్లాల్లో ఆ తేదీకి ఏమైనా ఉంటే రాత్రి లోపల చెప్పండి ఎవరైనా.